ఇనప గొట్టానికి కాజా

ఆ ఏడు వానలు పట్టుకున్న కొత్తలోనే మా వంటింటి కుళాయి కరవడం మొదలుపెట్టింది. అది మా అత్తగారిని తప్ప ఇంకెవరినీ కరిచేది కాదు.

"చెయ్యి వేస్తే జిల్లుమంది బాబూ," అన్నారావిడ మొదటిసారి, తడి చేతిని తువాలుకు తుడుచుకుంటూ.

నేను వెళ్ళి కుళాయి తిప్పాను. నీళ్ళు వచ్చాయి. కట్టాను. ఆగిపోయాయి. కుళాయి అన్నాక అంతకంటే ఏం చేస్తుంది.

"నీళ్ళు చల్లగా ఉన్నాయి కదా అత్తయ్యా. వేళ్ళు కొంకర్లు పోయి ఉంటాయి."

"చలి వేరు, కరవడం వేరు," అని ఆవిడ మళ్ళీ గిన్నెల దగ్గరికి వెళ్ళిపోయారు.

మా ఆవిడ జబ్బు పడ్డప్పుడు కూతురిని చూసుకోవడానికి వచ్చారు అత్తయ్య. కూతురు పోయింది. ఆవిడ తిరిగి వెళ్ళలేదు. రావడం కూతురి కోసం వచ్చారు, ఉండడం ఎవరి కోసమో ఆవిడా చెప్పలేదు, నేనూ అడగలేదు. పొద్దున నేను టీ పెట్టేవాణ్ణి, రాత్రి ఆవిడ తలుపులు గడియ పెట్టేవారు. మధ్యలో ఇల్లు దాని పాటికి అది నడిచిపోయేది.

కుళాయి కరుస్తోందన్న మాట మా బావమరిది చెవిన పడింది. అతను పట్నానికి ఆ చివర, ఆరో అంతస్తులో ఉంటాడు. చిన్నప్పటినుంచీ దేనికీ ఆగలేడని వాళ్ళ అక్క అతన్ని తొందరయ్య అని పిలిచేది. ఆ పేరు మా ఇంట్లో అలాగే ఉండిపోయింది. తొందరయ్య మంచివాడు, కాకపోతే అతని మంచితనం కూడా కారు తాళాలు చేత్తో పట్టుకునే ఉంటుంది. మర్నాడే వచ్చి వాళ్ళమ్మను డాక్టరుకి చూపించాడు. ఈ వయసులో నరాలు అప్పుడప్పుడు జివ్వుమంటాయనీ, కంగారు పడక్కర్లేదనీ చెప్పి డాక్టరు మాత్రలు రాశాడు.

వారం తర్వాత మళ్ళీ వచ్చినప్పుడు అడిగాడు. "మాత్రలు వేసుకున్నాక కుళాయి తగ్గిందా అమ్మా?"

"నాకేం లేదురా. వేస్తే ఆ మాత్ర కుళాయికి వెయ్యి."

అతను నవ్వలేదు. నన్ను వసారాలోకి తీసుకెళ్ళాడు. బయట వాన పడుతోంది. చూరు నీళ్ళు పడ్డచోట బుడగలు కడుతున్నాయి.

"బావా, అమ్మ సంగతి మీరు గమనిస్తున్నారా?"

"బాగానే ఉన్నారు కదయ్యా."

"కుళాయి కరుస్తోందంటోంది. అదీ కొన్ని రోజులు కరుస్తుందట, కొన్ని రోజులు కరవదట. మాటల్లో అంటోందా, నిజంగా నమ్ముతోందా? నమ్ముతోంది. మొన్న నేను ఆ కుళాయి కిందే చేతులు కడుక్కున్నాను. ఎలక్ట్రీషియన్ని కూడా పిలిపించారుగా, ఏమన్నాడు?"

ఏమీ లేదన్నాడు. ఆ మాట నిజమే. మా వీధి ఎలక్ట్రీషియన్ పని చేస్తున్నంతసేపూ తీగలతో తనలో తాను మాట్లాడుకుంటూ ఉంటాడు కాబట్టి అందరూ ఆయన్ని గొణుగుడాయన అంటారు. వచ్చి, కుళాయి మీద టెస్టరు పెట్టి, అందులో దీపం వెలగలేదని చూపించి, "కుళాయి బంగారం. మనిషిని చూపించుకోండి," అని వెళ్ళిపోయాడు.

"అక్క ఉన్నన్నాళ్ళూ వేరు," అన్నాడు తొందరయ్య గొంతు తగ్గించి. "ఇప్పుడు మీ ఒక్కరి మీద ఈ బరువు ఎందుకు? పై ఆదివారం కారు తెస్తాను. అమ్మని మా ఇంటికి తీసుకెళ్ళిపోతాను."

బరువు అన్న మాటకి నా దగ్గర జవాబు ఉండాల్సింది. నేను తూనికలు కొలతల ఆఫీసులో పనిచేస్తాను. బజారు తిరిగి తక్కెళ్ళు సరిగ్గా తూగుతున్నాయో లేదో చూసి ముద్ర వెయ్యడం నా ఉద్యోగం. ఏది బరువో ఏది కాదో చెప్పగలిగినవాణ్ణే. కానీ ఒక తల్లిని ఆమె కొడుకు దగ్గరికి వెళ్ళొద్దనడానికి అల్లుడికి, అందులోనూ కూతురే పోయిన అల్లుడికి, ఏ ముద్ర ఉంటుంది?

లోపలికి వచ్చేసరికి అత్తయ్య గిన్నెలు తోముతున్నారు. ఆవిడ కాళ్ళ కింద ఒక చెక్క ఉంది.

మంచం కోడుకి ఎత్తు కోసం పెట్టే చెక్క అది. దాన్ని సింకు ముందుకి లాక్కుని, రెండు పాదాలూ దగ్గరగా పెట్టి, గట్టు మీద నిలబడ్డ కొంగలా దాని మీద నిలబడి ఉన్నారు.

"అదేంటత్తయ్యా?"

"దీని మీద ఉంటే కరవదు."

అక్కడ ఆగిపోయాను. నరాల జబ్బు చెక్క ఎక్కితే పోదు. నా ఉద్యోగంలో ఒక అలవాటు ఉంది. కాటా తప్పు తూగుతోందని ఎవరైనా అంటే, కొట్టువాడినీ కొన్నవాడినీ పక్కన పెట్టి ముందు కాటా కింద ఏముందో చూస్తాను.

"చెక్క లేకపోతే రోజూ కరుస్తుందా?"

"రోజూ కాదని ఎన్నిసార్లు చెప్పాను బాబూ. మీరు బట్టలు ఉతికిన రోజున కరుస్తుంది."

"నేను బట్టలు ఉతకడానికీ కుళాయికీ ఏంటి సంబంధం?"

"నాకేం తెలుసు? మీరు చదువుకున్నవారు. పగ నామీదో, మీ చొక్కాల మీదో."

నేను నవ్వాను. ఆవిడ కూడా నవ్వారు. వసారాలో మేం మాట్లాడుకున్నది ఆవిడ విన్నారని ఆ నవ్వు చూశాకే తెలిసింది. అది వెళ్ళేవాళ్ళు నవ్వే నవ్వు.

ఆ రాత్రి మిగిలిన పనులు వదిలేసి ఆ ఒక్క విషయమే ఆలోచించాను. ఆవిడకీ మిగతా వాళ్ళకీ తేడా ఏమిటి? నేనూ, తొందరయ్యా ఇంట్లో రబ్బరు చెప్పులు వేసుకుంటాం. ఆవిడ వేసుకోరు. జీవితమంతా కుట్టుమిషను తొక్కిన మనిషి. పాదాలకి నేల తగలకపోతే ఏదో మరిచిపోయినట్టు ఉంటుందంటారు.

బుధవారం బట్టలు ఉతికి, వానలో బయట ఆరేసే వీలు లేక ఎప్పటిలాగే నడిమి గదిలో తాళ్ళు కట్టి ఆరేశాను. తర్వాత వంటింట్లోకి వెళ్ళి చెప్పులు విప్పి, తడి నేల మీద నిలబడి, వేలి వెనక వైపు కుళాయికి తాకించాను.

చీమ కుట్టినట్టు జిల్లుమంది.

మళ్ళీ తాకించాను. మళ్ళీ కుట్టింది. అంత చిన్న నొప్పికి అంత సంతోషించిన సందర్భం నాకు ఇంకొకటి గుర్తులేదు.

"అత్తయ్యా, కరిచింది."

ఆవిడ పరుగున వచ్చారు. "గట్టిగా కరిచిందా? ఏదీ, చెయ్యి చూపించండి." మాట నెగ్గిందన్న ఊసే లేదు ఆవిడ ముఖంలో. నా వేలు పట్టుకుని తిప్పి తిప్పి చూశారు. ఏం కాలేదని తేలేదాకా వదల్లేదు.

వీధి చివర కొట్టుకి వెళ్ళి టెస్టరు కొనుక్కొచ్చాను. ఇక ఎవరూ చేత్తో ముట్టుకోకూడదని షరతు పెట్టాను. నేను వంటింట్లో కుళాయి మీద టెస్టరు పెట్టి నిలబడ్డాను. ఆవిడ నడిమి గదిలో స్విచ్చుల దగ్గర నిలబడ్డారు. మధ్యలో గోడ. ఒకరికొకరు కనిపించం కాబట్టి అరుచుకోవాల్సి వచ్చింది.

"ఒక్కొక్కటే మార్చాలి అత్తయ్యా. రెండు ఒకసారి మారిస్తే ఏది దొంగో తెలీదు."

"తెలుసులెండి. లైటు ఆర్పాను."

"వెలుగుతూనే ఉంది."

"రేడియో తీసేశాను."

"ఉంది."

"ఫ్యాను ఆపాను."

టెస్టరులో ఎర్రటి చుక్క ఆరిపోయింది.

"పోయింది," అన్నాను.

గోడ అవతల నుంచి ఆవిడ గొంతు మెల్లగా వచ్చింది. "అయితే నా పిచ్చి కాదన్నమాట."

"మళ్ళీ వెయ్యండి."

"వేశాను."

"వచ్చింది."

"తగ్గించాను."

"పోయింది."

"పూర్తిగా పెంచుతున్నా."

"వచ్చింది. అదురుతోంది."

ఫ్యాను మెల్లగా తిరిగితే దీపం వెలగదు. పూర్తిగా తిప్పితే వెలుగుతుంది. మామూలు రోజుల్లో నడిమి గదిలో మేమిద్దరం కూర్చోం, ఫ్యాను వెయ్యం. బట్టలు ఆరేసినప్పుడు మాత్రం పూర్తిగా పెట్టి వదిలేస్తాను. కుళాయి పగపట్టింది నా చొక్కాల మీదే.

ఆ సాయంత్రం మేమిద్దరం ఆ గదిలో తడి దుప్పట్ల మధ్య కుర్చీలు వేసుకుని ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాం. అది తిరిగేటప్పుడు పైన కప్పు దగ్గర కొంచెం ఊగుతోంది. ఎప్పటినుంచి ఊగుతోందో ఇద్దరికీ తెలీదు. రెండేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నాం కానీ తల ఎత్తి ఒకే వస్తువును చూస్తూ కూర్చోవడం అదే మొదటిసారి.

"పైన ఏదో ఒరుసుకుంటోంది," అన్నారావిడ. "గుడ్డ నడిమధ్యలో చిరగదు బాబూ. ఎప్పుడూ అంచు దగ్గరే."

*

గొణుగుడాయన ఆదివారం తప్ప రానన్నాడు. తొందరయ్య కూడా ఆదివారమే. ఇద్దరూ ఒకేసారి దిగారు, ఒకరు నిచ్చెనతో, ఒకరు తాళాలతో.

అత్తయ్య తెల్లారేసరికే రెండు సంచులు సర్ది గుమ్మం పక్కన పెట్టారు. ఫ్యాను సంగతి తేలాక కూడా సర్దారు. ఎందుకని అడగలేకపోయాను. కొడుకు రమ్మన్నాడు. వద్దని ఇంకెవరూ అనలేదు.

"ఇదేంటి, నిచ్చెన?" అన్నాడు తొందరయ్య.

"కుళాయి సంగతి తేల్చుకున్నాం," అన్నాను. "చెప్పులు విప్పి ఒక్కసారి కుళాయి ముట్టుకో, తెలుస్తుంది."

"వద్దు," అన్నారు అత్తయ్య వెంటనే. "వాడికొద్దు."

"చీమ కుట్టినంతే అత్తయ్యా."

"చీమైనా సరే. వాడు నమ్మకపోతే నమ్మకపోనీ."

నేను టెస్టరు తీసి అతని చేతికిచ్చాను. కుళాయి దగ్గర నిలబెట్టాను. అత్తయ్య నడిమి గదిలోకి వెళ్ళి ఫ్యాను వేశారు, ఆపారు, వేశారు. తొందరయ్య ఆ ఎర్రటి చుక్క వెలగడం, ఆరడం చూశాడు. ఇంకోసారి వెయ్యమన్నాడు. ఇంకోసారి. అతను దేనికైనా అంతసేపు నిలబడడం నేను అంతకుముందు చూడలేదు.

"ఎన్నాళ్ళ నుంచమ్మా?" అన్నాడు చివరికి.

"వానలు పట్టినప్పటి నుంచి."

"మరి గిన్నెలు ఎలా తోముతున్నావ్?"

ఆవిడ కాలితో చెక్కను చూపించారు. అతను ఆ చెక్క వైపు చూసి, కారు తాళాలు జేబులో వేసుకున్నాడు.

గొణుగుడాయన మెయిన్ ఆపేసి నిచ్చెన ఎక్కాడు. ఫ్యాను కాడ పైన ఉండే గిన్నె లాంటి కప్పును కిందికి జారుస్తూ మొదలుపెట్టాడు. "ఏ పుట్టలో ఏ పాముందో. రావమ్మా, బయటికి రా. ఎవరు కోశారే నిన్ను..." తర్వాత గొణగడం ఆపేసి మమ్మల్ని పిలిచాడు. "ఒకరు పైకొచ్చి చూడండి."

నేను ఎక్కాను. పాత ఇళ్ళలో గోడల లోపల ఇనప గొట్టాలు పరిచి వాటిలోంచి తీగలు లాగేవారు. మా నడిమి గది గొట్టం గోడలోంచి పైకెక్కి, ఫ్యాను కొక్కెం పక్కన మొండిగా ఆగిపోయింది. ఎవరో రంపంతో కోసి అలాగే వదిలేసినట్టున్నారు, దాని అంచుకు సన్నటి పళ్ళు ఉన్నాయి. తీగ ఆ పళ్ళ మీదుగా వంగి బయటికి వస్తోంది. ఫ్యాను ఊగినప్పుడల్లా తీగ ఒరుసుకుని, ఒరుసుకుని, పైన తొడుగు తెగి లోపలి రాగి మెరుస్తోంది. గొట్టం అంచు మీద వేలు పెట్టాను. గోరు పక్కన గీరుకుంది.

"అంచును ఆకురాయితో రుద్ది, మూతికి బుష్, అదే తీగ కోసుకుపోకుండా వేసే మెత్తటి కట్టు, తొడిగి ఉంటే ఇది జరిగేది కాదు," అన్నాడు గొణుగుడాయన. "మొన్న నేను వచ్చినప్పుడు ఫ్యాను ఆపి ఉంది. తీగలో కరెంటే లేదు. నాకెలా తెలుస్తుంది? పాపం, ఆమెని చూపించుకోమన్నాను."

"మరి ఇన్నేళ్ళూ కరవకుండా ఈ ఏడే ఎందుకు కరిచింది?" అని తొందరయ్య కింద నుంచి అడిగాడు. అడగదగ్గ ప్రశ్నే. మేం ముగ్గురం దాని మీద పడ్డాం. గొట్టం దిగే గోడకి అవతలి వైపే మా వంటింటి కుళాయి. వానకి ఆ గోడ నానింది. నిరుడు తుప్పునీళ్ళు వస్తున్నాయని నీళ్ళ పైపు మార్పించి ప్లాస్టిక్‌ది వేయించాను. ఇనప పైపు ఉన్నంత కాలం గోడలోకి ఊరిన ఆ కాస్త కరెంటూ దాని వెంబడి నేలలోకి పోయేది. ప్లాస్టిక్ వచ్చాక ఆ దారి మూసుకుపోయింది. ఒట్టి కాళ్ళతో నిలబడ్డ అత్తయ్యే దానికి దారి అయ్యారు.

ఆ గోడను నేను తర్వాత చాలాసార్లు తలుచుకున్నాను. తడిసీ తడవనట్టుండి, అసలు దెబ్బంతా తనలో ఉంచుకుని, మా వరకు చీమంతే వదిలింది. ఇంకాస్త నాని ఉంటే ఈ కథ చెప్పుకునే పని ఉండేది కాదు.

గొణుగుడాయన తీగ మార్చాడు. అంచును ఆకురాయితో రుద్దాడు. గొట్టానికి ఎర్తు తీగ కలిపాడు. బుష్ దగ్గరికి వచ్చేసరికి చిక్కు పడింది. అతని సంచిలో ఉన్నవి ఏవీ ఆ మూతికి పట్టలేదు. ఒకటి వదులు, ఒకటి బిగువు.

"తాతల నాటి కొలత. బజారంతా వెతికితే దొరకొచ్చు. ప్రస్తుతానికి టేపు చుట్టేస్తా."

"టేపా?" అన్నారు అత్తయ్య. "ఎన్నాళ్ళుంటుంది? గుడ్డలో కన్నం కోసి కాజా కుట్టకుండా వదిలేస్తే, బొత్తాం పెట్టినప్పుడల్లా ఒక్కో పోగు లేస్తుంది. దాని మీద జిగురు కాగితం అంటిస్తే ఆగుతుందా?"

"ఇనప గొట్టానికి కాజా ఎవరు కుడతారమ్మా?"

"కొలత చెప్పు."

పెరట్లో మొక్కలకి నీళ్ళు పెట్టే రబ్బరు గొట్టం పాతది ఒకటి ఉంది. ఆవిడ సంచిలోంచి కత్తెర పెట్టె తీసి, రబ్బరు ముక్క కోసి, పొడుగునా చీల్చి, మూతి చుట్టుకొలతకి కత్తిరించారు. చీలికలో ఇనప గొట్టం అంచు కూర్చునేలా వంచి, రెండు కొసలూ కలిపి, గట్టి నైలాను దారంతో కాజా ముడులు వేస్తూ కుట్టారు. తొందరయ్య దీపం పట్టుకుని పక్కన కూర్చున్నాడు. కుట్టు పూర్తయ్యాక ఆవిడ పెట్టె మళ్ళీ సంచిలో సర్దేశారు. గొణుగుడాయన ఆ రబ్బరును పైకి తీసుకెళ్ళి మూతికి తొడిగాడు. కాలరు మెడకి పట్టినట్టు పట్టింది. తీగను అటూ ఇటూ లాగి చూశాడు. మెత్తగా జారింది.

"బుష్ దొరికేదాకా దీనికేం ఢోకా లేదు," అని, దిగుతూ అన్నాడు, "ఈ పని చేసినవాడే ఇల్లంతా చేసి ఉంటాడు. అన్ని గదుల్లోనూ గొట్టాల మూతులు విప్పి చూసుకోవాలి. పై వారం నుంచి ఒక్కో గది చేద్దాం."

మెయిన్ వేశారు. ఫ్యాను పూర్తిగా పెట్టారు. టెస్టరులో చుక్క వెలగలేదు.

పని అయిపోయింది. సంచులు గుమ్మం పక్కనే ఉన్నాయి. తొందరయ్య వాటి వైపు చూశాడు. "అమ్మ మనసు బాగానే ఉంది, సంతోషం," అన్నాడు నాతో. "అయినా బావా, ఎన్నాళ్ళని ఇక్కడ? బయల్దేరతాం."

అత్తయ్య రబ్బరు తుక్కు ఊడ్చి చేటలోకి ఎత్తుతున్నారు. తల ఎత్తలేదు.

ఉండమని అడగడానికి ఎలాంటి మాటలు కావాలో ఆ రెండేళ్ళలో నేర్చుకోలేదు. చివరికి నోటికి వచ్చింది చెప్పాను.

"ఇంకా నాలుగు గదులున్నాయయ్యా. ఒకరు స్విచ్చు దగ్గర, ఒకరు కుళాయి దగ్గర ఉంటేనే గాని తెలీదు. నేనొక్కణ్ణే రెండు గదుల్లో ఉండలేను."

"ఆ మాట నిజమే," అన్నాడు గొణుగుడాయన నిచ్చెన మడుస్తూ, ఎవరూ అడక్కుండానే. "రెండో మనిషి ఉండాల్సిందే."

చేట చప్పుడు ఆగింది. అత్తయ్య లేచి, గుమ్మం దగ్గరికి వెళ్ళి, కింద ఉన్న రెండు సంచుల్లో ఒకటి విప్పారు. అందులోంచి కత్తెర పెట్టె తీసి అలమారులో పెట్టారు.

"రబ్బరు ఇంకొంచెం కావాలి బాబూ," అన్నారు నాతో. తర్వాత కొడుకు వైపు తిరిగి, "కూర్చోరా, టీ తాగి వెళ్దువు గాని," అన్నారు.

తొందరయ్య కూర్చున్నాడు. టీ పూర్తిగా చల్లారేదాకా కూర్చున్నాడు.

పై ఆదివారం మళ్ళీ కారు వచ్చింది. డిక్కీ తెరిచి పట్టుకోమని నన్ను పిలిచాడు. లోపల దుప్పటిలో చుట్టిన కుట్టుమిషను ఉంది. ఎన్నో ఏళ్ళుగా వాళ్ళింట్లో మూల పడి ఉన్నది.

"అమ్మ చేత్తో కుడుతుంటే చూశాను," అన్నాడు. "కళ్ళు పోతాయి."

ఇద్దరం మోసుకొచ్చి నడిమి గదిలో కిటికీ కింద పెట్టాం. బట్టల తాళ్ళు కొంచెం పక్కకి జరపాల్సి వచ్చింది.

వానలు వెళ్ళిపోయేలోపు ఇల్లంతా చూసేశాం. మూడు గదుల్లో గొట్టాలకి పళ్ళున్నాయి, ఒక్క గదిలో లేవు. ఆ ఒక్కటీ ఎవరు రుద్దారో, ఎందుకు రుద్దారో మేం చాలా సాయంత్రాలు మాట్లాడుకున్నాం. గొణుగుడాయన సరైన కొలత బుష్షులు ఎక్కడో సంపాదించి అన్నిటికీ తొడిగాడు. నడిమి గదిలో అత్తయ్య కుట్టింది మాత్రం విప్పి చూసి, లాగి చూసి, మళ్ళీ ఫ్యాను కప్పును పైకి జరిపాడు. ఇది మార్చాల్సిన పని లేదన్నాడు.

ఇప్పుడు కుళాయి కరవదు. అయినా బట్టలు ఆరేసిన రోజున ఫ్యాను వేస్తూ నేను గోడ ఇవతల నుంచి కేకేస్తాను.

"అత్తయ్యా, వేస్తున్నాను."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగుతుంది. తడి చెయ్యి కుళాయి మీద పెట్టి చూసేంత సేపు.

"ఏం లేదు," అంటారావిడ అవతల నుంచి. "తిరగనీండి."